ఉక్కు కప్పు కింద చట్టం: అసిమోవ్ 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'

విజ్ఞాన కాల్పనిక రచనకూ నేరపరిశోధన కథకూ పొత్తు కుదరదని సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ భావించేవాడు. భవిష్యత్తులో ఏ యంత్రమైనా సాధ్యమే కనుక, రచయిత చివరి పుటలో ఏదో పరికరాన్ని బయటికి తీసి చిక్కుముడి విప్పేయగలడు. దానికి ఐజాక్ అసిమోవ్ ఇచ్చిన సమాధానమే ఈ నవల. 1953లో 'గెలాక్సీ' పత్రికలో ధారావాహికగా వచ్చి, 1954లో పుస్తకమైంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివినవారికి దీని చట్రం కొత్తగా ఉండదు. పరిశోధకునికి ఇక్కడా ఒక సహచరుడున్నాడు. అతడు మనిషి కాదు, అంతే.

వేల ఏళ్ల తర్వాతి న్యూయార్క్‌లో రెండు కోట్ల మంది ఒకే ఉక్కు కప్పు కింద బతుకుతుంటారు. ఆరుబయలంటే వారికి భయం. తిండి, స్నానం, ప్రయాణంలో కూర్చునే చోటు కూడా ఉద్యోగశ్రేణిని బట్టే. పోలీసు కార్యాలయంలో విన్స్ బారెట్ అనే కుర్రవాడి కొలువు ఆర్. సామీ అనే రోబోకు పోతుంది. గోదావరిఖని, బెల్లంపల్లి ప్రాంతాల విద్యార్థులకు ఈ ఘట్టం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. భూగర్భ గనుల్లోకి ఎస్.డి.ఎల్. యంత్రాలు దిగాక తట్టా చెమ్మస్ పట్టే కోల్‌ఫిల్లర్ల అవసరం ఎలా తగ్గిపోయిందో ఇళ్లలో విన్నదే.

హతుడు అంతరిక్షవాసి డాక్టర్ సార్టన్. దర్యాప్తు చేసే ఎలైజా బేలీకి జతగా వచ్చిన ఆర్. డానీల్, సార్టన్ పోలికలతోనే తయారైన రోబో. నవలకు ప్రాణం హత్యారహస్యం కాదు, న్యాయం గురించి వీరిద్దరి సంభాషణ. చట్టాలన్నీ అమలు కావడమే న్యాయమని డానీల్ నిర్వచనం. మరి అన్యాయమైన చట్టం ఉంటే? ఆ మాటలోనే వైరుధ్యం ఉందంటాడు రోబో. దీన్ని తర్కవినోదంగా చదివి దాటెయ్యకండి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సభకు అనుమతి రద్దయింది, నిషేధాజ్ఞలున్నాయి. మృతులు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, అంతకు ఎన్నో రెట్లని ఇతరులు చెప్పారు. ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపాల్సిన 1/70 చట్టం కూడా అప్పటికి పదేళ్లుగా ఉంది. నిషేధాజ్ఞ అమలైనంత చురుకుగా అది అమలు కాలేదు. చట్టాలన్నీ అన్న డానీల్ మాటలో 'అన్నీ' ఎంత బరువైన పదమో ఇక్కడ తెలుస్తుంది. అయితే డానీల్ పక్షాన ఒక మాట చెప్పాలి. చెప్పుల దుకాణంలో మూకకు ఆయుధం గురిపెడతాడు గానీ, మనిషికి హాని చేయరాదన్న మొదటి సూత్రం వల్ల దాన్ని పేల్చడం అతనికి అసాధ్యం.

ముగింపు నాకు పూర్తిగా నచ్చదు. హంతకుడు పోలీసు కమిషనర్ ఎండర్బీయే. నాశనం చేయబోయింది డానీల్‌ను, కళ్లద్దాలు పగిలి సార్టన్‌ను చంపాడు. సహకరిస్తానంటే బేలీ అతణ్ణి వదిలేస్తాడు, డానీల్ క్షమను నేర్చుకుంటాడు. రోబో నేర్చుకున్న తీరు అందంగానే ఉంది. కానీ ఆ వెసులుబాటు దొరికింది నగరంలో అంత పెద్ద హోదా ఉన్నవాడికి. విన్స్ బారెట్ లాంటివారికి అలాంటి దయ చూపే ఏర్పాటేదీ ఆ ఉక్కు కప్పు కింద కనిపించదు, రచయిత దాని గురించి అడగనూ లేదు.