లొట్టిలో సున్నం

కరీంనగర్ దిక్కు మా ఊరి తాటివనంలో గౌడ తాత పొద్దున్నే చెట్టు దిగగానే పిల్లలమైన మాకు వేరే లొట్టి చూపించేవాడు. దాని లోపలంతా సున్నం పూత. అందులోది నీర, మాకు అదే. పక్క లొట్టిలో నురగలు కక్కేది కల్లు. ఒకే చెట్టు, ఒకే రాత్రి కారిన ఊట. ఎందుకిలా అని అడిగితే "సున్నం ఉంటే పులువదు బిడ్డా" అనేవాడు. ఇంటర్ పిల్లలకు ఎంజైముల పాఠం చెప్పిన ప్రతిసారీ నేను ఆ రెండు లొట్ల దగ్గరే మొదలుపెడతాను.

తాటి ఊటలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర. అది జంట చక్కెర. ఈస్టు ముందు దాన్ని ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో రెండుగా కోయాలి. ఈ ఎంజైము ఉండేది కణం గోడ దగ్గర, బయటి రసం నేరుగా తగిలే చోట. పుల్లటి రసంలో అది చురుగ్గా కోస్తుంది, సున్నం కలిసిన రసంలో దానికి పని సాగదు. ఈస్టూ ఎదగదు. మొదటి కోతే పడకపోతే మిగతా దారికి సరుకెక్కడిది? తాత కాపలా పెట్టింది సరిగ్గా ఆ మొదటి గుమ్మం దగ్గరే.

సున్నం లేని లొట్టిలో అలా కోయగా వచ్చిన గ్లూకోజ్ కణంలోకి పోయి పన్నెండు మెట్లు దిగి ఆల్కహాల్ అవుతుంది. మెట్టుకో ఎంజైము. బతికున్న కణం లేనిదే ఇది జరగదని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండిన రసంలో చక్కెర వేస్తే అదీ పులిసింది. 1907లో ఆయనకు నోబెల్ వచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడో మెట్టు. అక్కడి ఎంజైము పేరు ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్. మన గొలుసుకట్టు చెరువుల్లో పొలాలు తడిసినంక నీరటి తూము మూస్తాడు కదా, ఇక్కడా అంతే. ఈ దారిలో తయారయ్యే శక్తి ఏటీపీ. కణంలో అది నిండితే, ఆ ఏటీపీయే వచ్చి ఈ ఎంజైముకు అతుక్కుని దాన్ని నెమ్మది చేస్తుంది. ఏటీపీ ఖర్చయిపోయి, దాన్నుంచి మిగిలే ఏఎంపీ పెరిగితే తూము మళ్లీ తెరుచుకుంటుంది. పొలమే నీరటి అయినట్టు! మన కండరాల్లోనూ ఇదే ఏర్పాటు. కణం గొప్పతనం వేగంలో కన్నా ఈ ఆపడంలోనే ఉందని నా నమ్మకం.

లొట్టిలో సున్నం చేసే పనిని ఆదిలాబాద్ అడవుల్లో గోండులు ఎండతో చేస్తారు. ఎండాకాలం మొదట్లో తెల్లారేసరికి రాలిన ఇప్పపువ్వును ఏరి ఆరబోస్తారు. అందులో చక్కెర దండిగా ఉన్నా, నీరు లేక ఈస్టుకు పని దొరకదు. అందుకే అది నెలల తరబడి నిలవుంటుంది. నానబెడితే పులియడం మొదలు. ఉట్నూరు మహిళలు ఆ పువ్వుతోనే లడ్డూలు చేస్తున్నారు.

ఇంత నేర్పుగా దించిన కల్లు పేరు మీద క్లోరల్ హైడ్రేట్ అనే రసాయనం కలిపిన నీళ్లు అమ్మడం చూస్తే నాకు కడుపు రగులుతుంది. కల్లులో చివరి మెట్టు దగ్గరుండే ఎంజైము ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. ఆ పని తెలిసిన ఎంజైము మన కాలేయంలోనూ ఉంది. ఆల్కహాల్‌ను విరిచేది అదే, క్లోరల్ హైడ్రేట్‌ను అసలు మత్తుమందుగా మార్చేదీ అదే. ఆ మత్తుమందు తిరిగి ఆల్కహాల్ విరగకుండా అడ్డుపడుతుంది. రెండూ కలిపి తాగితే ఒంట్లో పేరుకుంటాయి. ఇక్కడ తూము మూసే నీరటి లేడు.

కల్తీ కల్లు ముట్టకండి. ఇప్పటికే అలవాటు పడినవాళ్లు ఇంట్లో ఉంటే ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు. ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి.