చూసినంతే చెప్పే విద్య

దంతేశ్వరి అమ్మవారి దర్శనానికి విమానంలో బయల్దేరినవాళ్లు జగదల్‌పూర్‌లో దిగుతారు. ఆ విమానాశ్రయానికీ అమ్మవారి పేరే పెట్టారు. అక్కడి నుంచి అమ్మవారి గుడి ఉన్న దంతెవాడకు రోడ్డు మీద సుమారు 85 కిలోమీటర్లు. ఓరుగల్లు కూలిన తర్వాత ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవులు చేరి రాజ్యం నిలబెట్టాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. ఆయన పరివారం రోజుల తరబడి దాటిన దూరాన్ని 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి మొదలైన ఏటీఆర్ విమాన సర్వీసు ఒక్క పూటలో దాటించింది.

ఆ విమానం శంషాబాద్‌లో చక్రం కదపకముందే జగదల్‌పూర్ ఆకాశం పైలట్ చేతికి అందాలి. గాలి ఎటు నుంచి వీస్తోంది? చూపు ఎంత దూరం ఆనుతోంది? మబ్బు ఎంత ఎత్తులో ఉంది? రన్‌వే పొడిగా ఉందా, తడిసిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే పద్ధతి విమానయానంతో పాటే పెరిగింది. దశాబ్దాలుగా పరికరాలు మారుతూ వచ్చాయి గాని నియమం మారలేదు. చూసింది మాత్రమే చెప్పాలి, వేళకు చెప్పాలి, అందరికీ తెలిసిన వరుసలో చెప్పాలి. ఎక్కడో ఉన్న పైలట్, తానెన్నడూ చూడని మనిషి మాట మీద భారం వేసి ప్రయాణికులను దించేది ఈ నియమం ఉండబట్టే.

ఒక్క వరుసలో ఆకాశం

విమానాశ్రయ వాతావరణ నివేదికను మెటార్ అంటారు. 1968 నుంచి ప్రపంచమంతా ఇదే పేరుతో నడుస్తోంది. మన దేశంలో ఈ పని 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖది. పెద్ద విమానాశ్రయాల్లో అరగంటకొకసారి నివేదిక వెలువడుతుంది. మధ్యలో గాలి తిరిగినా, చూపు తగ్గినా, ఉరుముల వాన మొదలైనా వేళ కోసం ఆగరు. స్పెసీ అనే ప్రత్యేక నివేదిక వెంటనే పంపుతారు.

విశాఖపట్నం నుంచి ఇలాంటి వరుస ఒకటి వచ్చిందనుకుందాం: వీఓవీజడ్, 120330జడ్, 16020కేటీ, 4000, ఆర్ఏ, ఎస్‌సీటీ015, బీకేఎన్080, 26/24, క్యూ1004, నోసిగ్. మొదటి నాలుగక్షరాలు విశాఖ విమానాశ్రయం గుర్తు. తర్వాతిది 12వ తేదీ, అంతర్జాతీయ సమయం మూడున్నర. మనకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి కాబట్టి ఉదయం 9 గంటలు. గాలి 160 డిగ్రీల వైపు నుంచి, అంటే దక్షిణ ఆగ్నేయం నుంచి, 20 నాట్ల వేగంతో వీస్తోంది. గంటకు 37 కిలోమీటర్లన్నమాట. చూపు 4,000 మీటర్లు. వాన పడుతోంది. 1,500 అడుగుల దగ్గర చెదురు మబ్బులు, 8,000 అడుగుల దగ్గర దట్టమైన మబ్బు. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, మంచు బిందువు 24. సముద్ర మట్టానికి సరిచేసిన పీడనం 1,004 హెక్టోపాస్కల్స్. చివరి మాటకు అర్థం, రాబోయే రెండు గంటల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని.

ఇందులో ప్రతి అంకె వెనకా ఒక పద్ధతి ఉంది. మబ్బును కొలిచేటప్పుడు ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహిస్తారు. ఒకటి రెండు భాగాలు కప్పితే ఒక పేరు, మూడు నాలుగైతే చెదురు, ఐదు నుంచి ఏడైతే దట్టం, ఎనిమిదీ నిండితే పూర్తి కప్పు. ఎత్తును లేజర్ పరికరం కొలుస్తుంది. ఆకాశంలో ఎన్ని రకాల మబ్బులున్నా నివేదికలో పేరు పెట్టి చెప్పేది రెండింటినే. ఒకటి ఉరుముల వానను మోసుకొచ్చే క్యుములోనింబస్, రెండోది ఆ దిశగా నిలువునా పెరుగుతున్న క్యుములస్. పైలట్‌కు ప్రాణగండం వాటితోనే.

చూపు దూరానికి పరిశీలకుడు ముందే కొలిచిపెట్టుకున్న ఆనవాళ్లుంటాయి: ఫలానా నీళ్ల ట్యాంకు ఇంత దూరం, ఫలానా గుట్ట ఇంత దూరం. రాత్రయితే దీపాలు. చూపు బాగా పడిపోయినప్పుడు రన్‌వే పక్కనుండే పరికరాలు, పైలట్‌కు రన్‌వే ఎన్ని మీటర్ల మేర కనబడుతుందో లెక్కగట్టి చెబుతాయి. గాలిని 10 మీటర్ల ఎత్తున్న స్తంభం మీద కొలుస్తారు. మెటార్‌లో పెట్టేది పది నిమిషాల సగటు. దిగబోయే పైలట్‌కు టవర్ చెప్పేది రెండు నిమిషాల సగటు. ప్రయాణం ఆలోచించుకునేవాడికి నిలకడైన లెక్క కావాలి, చక్రాలు ఆనించబోయేవాడికి ఇప్పటి గాలి కావాలి.

ఉష్ణోగ్రతకూ మంచు బిందువుకూ మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలకు తగ్గి, గాలి పడిపోయిందంటే పొగమంచు కమ్ముకునే అవకాశం ఉంది. చలికాలం తెల్లవారుజామున బస్తర్ నదీలోయల మీద ఎగరాల్సినవాడు మొదట చూసుకునేది ఈ రెండంకెలనే.

గాలికి ఎదురుగా

రన్‌వే చివర తెల్లరంగుతో రాసే అంకెలు దాని దిక్కును చెబుతాయి. దిక్సూచి డిగ్రీలను పదితో భాగించి దగ్గరి అంకె రాస్తారు. విశాఖ రన్‌వే ఒక కొస నుంచి 10, ఇంకో కొస నుంచి 28. అంటే దాదాపు తూర్పుకు, దాదాపు పడమరకు. విమానం ఎదురుగాలిలో దిగితే నేల మీద వేగం తగ్గుతుంది, ఆగడానికి తక్కువ దూరం చాలుతుంది. అందుకే గాలిని బట్టి ఏ కొస వాడాలో తేలుస్తారు. ఇందాకటి వరుసలో గాలి 160 నుంచి, 20 నాట్లు. 10వ రన్‌వే మీద దిగితే అందులో ఎదురుగాలి సుమారు 10 నాట్లు, పక్కగాలి సుమారు 17 నాట్లు. ప్రతి విమానానికీ పక్కగాలికి ఒక హద్దు ఉంటుంది. పైలట్ ఈ లెక్క చేసుకున్నాకే దిగడానికి సిద్ధపడతాడు.

గాలి మాట ఎంత దూరం వెళ్తుందో 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో చూశాం. వానలో ఒకసారి దిగబోయి లేచిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం, ఆ తర్వాత వ్యతిరేక దిశలో 10వ రన్‌వే మీదికి వచ్చింది. వెనకగాలి సుమారు 14 నాట్లు. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటాక చక్రాలు ఆనాయి. గుట్ట మీది ఆ రన్‌వే కొస దాటి లోయలో పడింది. 21 మంది పోయారు. వెనకగాలి, తడి నేల, ఆలస్యంగా ఆనడం వంటి కారణాలు ఒకదానితో ఒకటి కలిసిన చోట ఆ ప్రమాదం జరిగింది.

రన్‌వే తడి గురించి ఒకప్పుడు ఒక్కో దేశం ఒక్కో తీరుగా చెప్పేది. 2021 నవంబరు నుంచి ప్రపంచమంతా ఒకే కొలమానం పాటిస్తోంది. రన్‌వేను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 6 నుంచి 0 వరకు అంకె వేస్తారు. పొడిగా ఉంటే 6, మామూలు తడి అయితే 5, నీళ్లు నిలిస్తే 2. ఇలా అంకె వేయడానికి మనిషి వాహనంలో రన్‌వే మీదికి వెళ్లి చూసి రావాలి. ముసురు పట్టిన రోజున ఈ పని ఎన్నిసార్లయినా చేయాలి.

ఈ సమాచారం పైలట్‌కు చేరాక కూడా నియమం ఆగదు. టవర్ చెప్పిన పీడనం అంకెనూ, రన్‌వే అంకెనూ పైలట్ తిరిగి అప్పజెప్పాలి. తప్పు పలికితే కంట్రోలర్ అక్కడికక్కడే దిద్దుతాడు. ఇది లాంఛనం కాదు. విమానంలో ఎత్తు చూపే పరికరం నిజానికి గాలి పీడనాన్ని కొలుస్తుంది. అందులో ఒక్క హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తులో సుమారు 27 అడుగుల తేడా. 1,004 దగ్గర పెట్టిన పరికరంతో, పీడనం 994కి పడిపోయిన చోటికి వెళితే, పైలట్ అనుకున్న ఎత్తుకన్నా విమానం 270 అడుగులు కిందుంటుంది. కొండల నడుమ ఆ తేడా ప్రాణాంతకం.

కొండల వెనక దంతెవాడ

బస్తర్‌లో ఈ లెక్కలన్నీ బిగుసుకుంటాయి. జగదల్‌పూర్ సముద్ర మట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉంది. రోహిణి కార్తె ఎండల్లో 40 డిగ్రీలు దాటితే అక్కడి గాలి పలచబడి, రెక్కలకూ ఇంజన్లకూ 5,000 అడుగుల పైన ఉన్నట్టే అనిపిస్తుంది. పైకి లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి, లేదా బరువు తగ్గించుకోవాలి. దంతెవాడ జిల్లాలో, కిరందుల్, బచేలి ఇనుప గనుల మీదుగా సాగే బైలదిల్లా కొండలు 1,200 మీటర్లు దాటుతాయి. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాలు దాటి తరచూ ఈ మీదుగానే లోపలికి పోతాయి. 2014 అక్టోబరు 12న విశాఖ విమానాశ్రయం కప్పును చీల్చిన హుద్‌హుద్ తుపాను కూడా ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్ వైపే సాగింది.

వాతావరణ శాఖ బెలూన్లు ఎగరేసే కేంద్రాల్లో జగదల్‌పూర్ ఒకటి. బెలూన్‌కు కట్టిన చిన్న పరికరం పైకి పోతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ పంపుతుంది. అది కొట్టుకుపోయే తీరును బట్టి పై గాలులు తెలుస్తాయి. ఇలాంటి పరిశీలనలు ఏళ్ల తరబడి పోగుపడితేనే, వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త పి. కోటేశ్వరం నైరుతి కాలంలో మన నెత్తిన చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకు పరుగెత్తే గాలి ప్రవాహాన్ని గుర్తించి 1958లో ప్రపంచానికి చెప్పగలిగారు. పేరులేని పరిశీలకులు రోజూ రాసిపెట్టిన అంకెలే ఆ శాస్త్రానికి పునాది.

అయితే మెటార్‌కు ఒక హద్దుంది. అది చెప్పేది ఆ విమానాశ్రయం గురించి, దాని పరిసరాల గురించి. 8 నుంచి 16 కిలోమీటర్ల మధ్య కనిపించే ఉరుములను, జల్లులను 'దగ్గర్లో' అని రాస్తుంది. అంతకు మించి ఆ నివేదిక సాక్ష్యం చెప్పదు. జగదల్‌పూర్‌లో నిర్మలంగా ఉన్న వేళ బైలదిల్లా అంచున మబ్బు కొండను ముంచి ఉండొచ్చు. దంతెవాడ, దాని చుట్టుపక్కల అడవుల్లోకి రాకపోకలు సాగించేవి ఎక్కువగా హెలికాప్టర్లు. గాయపడ్డ జవాన్లను, ఎన్నికల వేళ పోలింగ్ సిబ్బందిని మోసేది అవే. అవి దిగే చాలా చోట్ల గాలి స్తంభం ఉండదు, మబ్బు ఎత్తు చెప్పే పరికరం ఉండదు.

అడవి మీద, కొండ మీద వాతావరణం ఎంత త్వరగా తిరగబడుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు వైపు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలి, అందులోని ఐదుగురూ పోయారు. తీవ్రమైన మబ్బుల్లో చిక్కి, బలంగా కిందికి తోసే గాలిలో అదుపు తప్పిందని దర్యాప్తు సంఘం తేల్చింది. మొదలూ చివరా తెలిస్తే చాలదు, దారి మధ్య ఆకాశం కూడా తెలియాలని ఆ రోజు మనకు బోధపడింది.

దంతెవాడకు కావలసింది ఇప్పుడు స్పష్టమే. హెలికాప్టర్లు తరచూ దిగే ప్రతి చోటా గాలి, పీడనం, చూపు, మబ్బు ఎత్తు కొలిచే స్వయంచాలక కేంద్రం పెట్టాలి. యంత్రం నెత్తి మీది మబ్బును కొలుస్తుంది గాని, కొండ వెనక పెరుగుతున్న మబ్బును మనిషే చూడాలి. గోండీ, హల్బీ మాట్లాడే స్థానిక యువతకు ఆ కొండలు, ఆ లోయలు పుట్టుకతో పరిచయం. ఎనిమిదో వంతుల లెక్క, చూపు ఆనవాళ్లు, నివేదిక వరుస వాళ్లకు నేర్పి, ఉద్యోగంగా ఇవ్వాలి. ఒక పైలట్ వెనుదిరగాలా, ముందుకు రావాలా అన్నది తేల్చుకునే క్షణంలో దంతెవాడ నుంచే, దంతెవాడ మనిషి చూసి చెప్పిన మాట అతనికి అందాలి.