ఒక బాలనటి ఆత్మకథ

అమ్మ పోయినందుకు సంతోషమనే అర్థం వచ్చే పేరు చూసి, 2022లో వెలువడిన జెన్నెట్ మెకర్డీ ఆత్మకథను బీదరులోని మన తెలుగు విద్యార్థులు పక్కన పెట్టకూడదు. నటి కావాలన్న తన తీరని కోరికను తల్లి ఆరేళ్ల పిల్ల మీద మోపింది. క్రమంగా ఇంటికి ఆ పిల్ల సంపాదనే ఆధారమైంది. పదకొండేళ్లకు, ఒళ్లు ఎదగకుండా తిండి తగ్గించడమూ నేర్పింది. ఇక్కడ రచయిత్రి ఎవరినీ నిందించదు. అమ్మతో కలిసి లెక్కకట్టుకుని తినడం ఆ పిల్లకు మురిపెంగానే ఉంటుంది. హింస అని గుర్తించవలసింది పాఠకుడే. ఈ వర్తమానకాల కథనమే గ్రంథానికి బలమని మేము భావిస్తున్నాము. 2013లో తల్లి మరణించిన తరువాతి భాగంలో వివరణలు పెరిగి ఆ పట్టు కొంత సడలింది.

మన భానుమతి 1939లో 'వరవిక్రయం'లో నటించినప్పుడు, ఆమెను ఎవరూ తాకరాదని తండ్రి షరతు పెట్టారు. మన తారల కథల్లో తల్లిదండ్రులు సాధారణంగా కాపలాదారులే. మెకర్డీ తల్లి కూడా కూతురిని అంటిపెట్టుకునే ఉండేది; అక్కడ ఆ కాపలాయే చెర.