చెవికి తాలీము

1816లో పారిస్ నెకర్ ఆసుపత్రిలో డాక్టర్ లెనెక్ ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడ్డాడు. కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. ఛాతీని వేళ్లతో తట్టి జబ్బు పట్టే విద్యను ఆవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు 1761లోనే గ్రంథస్థం చేశాడు. చూడటం, తాకడం, తట్టడం, వినడం: నర్సింగ్ విద్యార్థులు నేటికీ ఈ నాలుగూ నేర్చుకుంటున్నారు. వీటిలో చదివితే అస్సలు రానిది వినడం.

గుండెలో మర్మర్ అనే అదనపు చప్పుడు ఉన్న రోగి వార్డులో దొరికితేనే ఒకప్పుడు పాఠం. దొరికిన ఆ ఒక్కరి ఛాతీ మీదే బ్యాచ్ మొత్తం వరసగా స్టెతస్కోపులు పెట్టేది; పాపం, ఆ మనిషి ఓపిక! ఆన్‌లైన్‌లో దొరికే గుండె చప్పుళ్ల రికార్డింగులు ఈ ఇబ్బంది తీర్చాయి. ఒక్కో మర్మర్‌ను ఐదేసి వందల సార్లు వినిపిస్తే విద్యార్థుల చెవి బాగా పదునెక్కుతుందని అమెరికాలో డాక్టర్ మైకేల్ బారెట్ చూపించాడు. అయితే ఫోన్ స్పీకర్‌లో వింటే శ్రమ వృథా. గుండె మూడో చప్పుడు లాంటి మంద్రధ్వనులు అందులో పలకనే పలకవు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే.

స్టెతస్కోపును ఎక్కడ, ఎలా ఆనించాలో మాత్రం మనిషి దగ్గరే తెలుస్తుంది. గుండె వినే చోట్లు నాలుగు: కుడివైపు రెండో పక్కటెముకల సందు, అదే ఎత్తులో ఎడమవైపు, రొమ్ము ఎముక ఎడమ అంచు దిగువన, ఆపైన ఎడమ ఐదో సందు. స్టెతస్కోపు చదునైన ముఖమైన డయాఫ్రమ్‌ను గట్టిగా అదమాలి. గిన్నెలాంటి ముఖమైన బెల్‌ను తేలిగ్గా ఆనించాలి. నొక్కితే కింది చర్మం బిగిసి అదీ డయాఫ్రమ్‌లాగే పనిచేస్తుంది. రుమాటిక్ జ్వరంతో ఇరుకైన మైట్రల్ కవాటం గరగర వినాలంటే రోగిని ఎడమ పక్కకు తిప్పి, బెల్ పెట్టాలి. సంపన్న దేశాల్లో అరుదైపోయిన ఈ జబ్బు మన వార్డుల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఊపిరితిత్తులకు వీపే ముఖ్యం. చొక్కా మీంచి వినకూడదు. నోరు తెరిచి గాలి పీల్చమని చెప్పి, కుడిఎడమలను ఒకే ఎత్తులో పోల్చుకుంటూ దిగాలి. సన్నటి క్రెప్స్ (చిటపట చప్పుళ్లు) ఎలా ఉంటాయంటే, చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ల మధ్య నలిపి చూడండి. పిల్లికూతలు ఎవరైనా పోల్చుకుంటారు. భయపడాల్సింది అవి ఆగినప్పుడు. ఆయాసం తగ్గకుండా కూతలు మాయమయ్యాయంటే గాలి లోపలికి పోవడం లేదన్నమాట. ఈ నిశ్శబ్దాన్ని రికార్డింగు నేర్పలేదు. గంట క్రితం అదే ఛాతీని విన్న నర్సు పసిగడుతుంది.

విన్నదాన్ని చెప్పడమూ రావాలి. రాత్రి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి "ఆయాసంగా ఉందట సార్" అంటే ఆయన ఎప్పుడొస్తాడో. "రెండు వైపులా అడుగున క్రెప్స్ ఉన్నాయి సార్, సాయంత్రం లేవు, సెలైన్ ఎక్కుతోంది, ఆపమంటారా?" అంటే లేచి వస్తాడు.