భయానకచిత్రమున అస్థానదృశ్యము

కొన్ని మాసముల క్రిందట విజయనగరమున మా మిత్రులొకరి యింట, రాత్రి భోజనములైన పిమ్మట, ఇంటిల్లిపాదియు గూర్చుండి 'చంద్రముఖి' చిత్రమును చూచుట తటస్థించినది. 2005వ సంవత్సరమున వెలువడిన చిత్రమది. ఆ యింట అందఱును ఇదివఱకు చూచినదే. కళాశాలలో చదువుకొను వారి కుమారుడు గాలిపటముల పాట రాగానే విసుగుకొని, "దయ్యము కథలో ఈ పాట యెందుకు నాన్నా? ఉన్న భయమంతయు పోయినది" అనెను. కడపట నాట్యఘట్టము వచ్చినపుడు అతడే కదలక మెదలక కూర్చుండెను. మా మిత్రుని తల్లిగారు మాత్రము ఆ నాట్యము సగము కాకమునుపే కన్నులు తుడుచుకొని, "పాపము, దానిని నిలువునా కాల్చి చంపినారు గదరా! పగబట్టక యేమి చేయును?" అనిరి. ఆ పాటలోని భాష అరవము. అందొక్క మాటయు ఆమెకు తెలియదు.

పిమ్మట తండ్రికొడుకులకు జరిగిన వాదము చిన్నదే యైనను అందు పెద్ద విషయము కలదు. గాలిపటముల పాటయు, కడపటి నాట్యమును రెండును కథానడకను ఆపి చేసినవే. మొదటిది చిత్రమును చెఱచినదని కుమారుడనెను. రెండవది లేకున్న చిత్రమే లేదని తండ్రి యనెను. తన చోటు కాని చోట వచ్చిన దృశ్యము భయానకమును చెఱచునా, పెంచునా? రెండును జరుగుచున్నవని ఈ యొక్క చిత్రమే చూపుచున్నది. కావున చెఱచుదానిని పెంచుదానినుండి వేఱుచేయు గుర్తేమో విచారింపవలసియున్నది.

మన ఆలంకారికులు ఈ విషయమును ఎఱుగనివారు కారు. విశ్వనాథుడు 'సాహిత్యదర్పణము'న హాస్యమును శృంగారమును రెంటిని భయానకమునకు విరోధులలో చేర్చెను. ఆ లెక్కను బట్టి వినోదపు పాటయు, ప్రియుని పిలుచు నాట్యమును సమానముగా దోషములే కావలెను. కాని కాశ్మీర పండితుడైన ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దమున 'ధ్వన్యాలోకము'న ఇంతకంటె సూక్ష్మముగా చూచెను. విరోధిరసములు రెండు ఒకదానినొకటి తాకకుండ నడుమ మూడవదానిని నిలుపవచ్చుననియు, విరోధి ప్రధానరసమునకు లోబడి అంగమైనచో దోషము లేదనియు ఆయన మతము. 'నాగానందము'న శాంతశృంగారముల నడుమ అద్భుతము నిలిచిన తీరును ఉదాహరణముగా చూపెను. అనగా హాస్యము వచ్చినదా, పాట వచ్చినదా యన్నది ప్రశ్న కాదు. వచ్చినది ఎవరి పని చేయుచున్నది? కథ పనియా, మఱియొకరి పనియా?

ఇంగ్లండున ఇట్టి వాదమే షేక్స్పియరు 'మాక్బెత్' నాటకమును గుఱించి జరిగినది. రాజును చంపి, రక్తసిక్తములైన చేతులతో దంపతులు నిలిచియుండగా, కోట తలుపు ఎవరో తట్టుదురు. త్రాగి తూగుచున్న ద్వారపాలకుడు నరకద్వారమునకు తానే కావలివాడనైనట్లు పరిహాసమాడుచు, తలుపు తీయక ఆలస్యము చేయును. ఈ మోటు హాస్యము షేక్స్పియరుది కాదు, నటులు చొప్పించినదని కోలరిడ్జి వంటి విమర్శకుడు తలంచెను. కాని డీక్విన్సీ 1823లో ప్రకటించిన వ్యాసమున, ఆ తలుపు చప్పుడు తనకు బాల్యమునుండి ఏల అంత భయము గొల్పెనో విచారించి, చక్కని సమాధానము చెప్పెను. హత్య జరుగునపుడు మానవలోకము ఆగిపోయినది. తలుపు తట్టగానే ఆ లోకము మరల కదలినది. కదలినందువలననే అంతవఱకు ఆగియుండిన సంగతి మనకు తెలియవచ్చుచున్నది. వెలుగు చూచిన కన్నునకు చీకటి మఱింత చిక్కనైనట్లు, ఆ పరిహాసము భయమును కొలుచుటకు కొలబద్ద యైనది.

మన దేశమున ఆచారము వేఱు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధము సాగుచుండగా కేతిగాడును బంగారక్కయు దూకివచ్చి కొట్టుకొని తిట్టుకొని పోవుదురు. వీథి భాగవతములలోను హాస్యగానికి చోటు తప్పదు. తెల్లవాఱులు ఆడు ఆటలో పొలము పని చేసి అలసివచ్చిన ప్రేక్షకునికి నిద్ర పట్టకుండ చేయుటకును, వేషము మార్చుకొను నటునికి వ్యవధి కలుగుటకును ఇది అవసరమైయుండెను. మన చలనచిత్రము ఆ యలవాటును మాత్రము వారసత్వముగా తెచ్చుకొని, అవసరమును మఱచినది. రెండున్నర గంటల చిత్రమునకు నిద్ర కాపుదల యెందుకు? హాస్యపు తునక యొకటి, యుగళగీతములు మూడు, కథానాయకుని ప్రవేశమునకు పోరాట మొకటి యని పద్దు వ్రాసికొని కథను వాని నడుమ ఇరికించుటయే కనబడుచున్నది. 2003లో రామగోపాలవర్మ హిందీలో తీసిన 'భూత్' చిత్రమున కథ నడుమ పాట లేదు. ప్రేక్షకులు లేచి పోలేదు. పద్దు దైవలిఖితము కాదనుటకు ఇది చాలును.

ఇక 'చంద్రముఖి'ని చూతము. దీనికి మూలము 1993లో ఫాజిల్ మలయాళమున తీసిన 'మణిచిత్రతాళు'. పి. వాసు దానిని 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర'గాను, మఱుసటి యేడు తమిళమున 'చంద్రముఖి'గాను మలచెను. తమిళచిత్రము తెలుగులోనికి అనువదింపబడినది. కథ మనవారికి తెలిసినదే. పాత భవనమునకు కాపురము వచ్చిన గంగ యను ఇల్లాలు, అచ్చట పూర్వమొక రాజు చెఱపట్టి, ప్రియుని చంపి, తుదకు సజీవదహనము చేసిన నర్తకి కథను విని, తానే ఆ నర్తకినని లోలోన నమ్ముటకు మొదలిడును. ఆమెను పట్టినది దయ్యము కాదు, వ్యాధి యని మనస్తత్త్వ వైద్యుడైన నాయకుడు కనుగొనును.

ఇందు నాయకుని ప్రవేశమున వచ్చు పోరాటమును, పాటయు కథలోనివి కావు. అవి రజనీకాంత్ గారి అభిమానులకు చెల్లించిన కప్పము. గాలిపటముల పాటయు అట్టిదే. దానిని కోసివేసినను కథలో ఒక్క ముడియైనను వదులు కాదు. వడివేలు గారి హాస్యము మాత్రము రెండు తెగలుగా నున్నది. చీకటి పడిన పిమ్మట ఆ భవనమున అడుగిడుటకు వణకుచు, దయ్యము కలదా లేదా యని నాయకుని గ్రుచ్చి గ్రుచ్చి యడుగు ఘట్టమున ఆయన మనలను నవ్వించును. ఆ నవ్వు భయమునుండియే పుట్టినది. మనము నవ్వుచునే గది మూలలను చూచుచుందుము. కాని తన భార్యను నాయకునితో కలిపి అనుమానించి ఆయన పడు పాట్లు కథకు పట్టినవి కావు. ఇల్లాలి శీలమును అడ్డముపెట్టి నవ్వించుట మర్యాద గల గృహములలో కూర్చుండి చూడదగినదియు కాదు. నటుడొక్కడే, హాస్యమొక్కటే, ఒకటి భయమునకు కాపు, రెండవది చీడ.

కడపటి నాట్యము సంగతి వేఱు. పైకి చూచిన అదియే అన్నిటికంటె అస్థానముగా తోచును. భయముతో గుండెలు పట్టుకొనియున్న వేళ పట్టుచీర, నగలు, గజ్జెలు, రాగతాళములు! అయినను చిత్రమంతటిలో ఒడలు జలదరించునది అదియే. దీనికి కారణము ఆ పాట భాషలో కొంత దాగియున్నది. మలయాళ చిత్రమున నర్తకి తంజావూరి స్త్రీ. ఆమె నోట తమిళము వచ్చును. కన్నడమున తెలుగు వచ్చును. తమిళ చిత్రమునను తెలుగే. అందలి నర్తకి విజయనగరమునుండి కొనిపోబడినదని కథ. పేరు కథకులు కల్పించినదే గాని, ఆ వార్త విన్న మాబోటి విజయనగర వాసులకు ఒకపాటి ఉలికిపాటు కలుగక మానదు. 2007లో ప్రియదర్శన్ హిందీలో తీసిన 'భూల్ భులయ్యా'లో వంగభాష. మఱి తెలుగు ప్రతిలోనో? చిత్రమంతయు తెలుగే మాటలాడునపుడు నర్తకియు తెలుగే మాటలాడిన వింత యేమున్నది? అందుచే అనువాదకులు పాటను తమిళమున నుంచిరి. వారి వివేకమును మెచ్చవలెను. ప్రతి భాషవారును తమకు పరాయిదైన పొరుగు భాషను వెదకి తెచ్చుకొనిరనగా, ఆ దృశ్యమున అస్థానత్వము ప్రమాదవశమున వచ్చినది కాదు, అదియే దాని ప్రాణమని తేలుచున్నది. మన యింటి కోడలి నోట మనమెఱుగని భాష వెలువడుటకంటె భయంకరమేమున్నది?

కాని భాష పరాయిదైనంత మాత్రమున కన్నీరు రాదు. మా మిత్రుని తల్లిగారు ఏల కంట తడి పెట్టిరి? ఆ నాట్యమున దయ్యము తొలగి మనిషి కనబడెను. అంతవఱకు పగబట్టిన ఆకారముగా తోచినది, అచ్చట ప్రియుని పిలుచుకొను ఆడుదిగా నిలిచినది. భయమునకు మూలము అన్యాయమని మనకు అప్పుడు తెలియును. అంతవఱకు దాచియుంచిన సత్యమును ఆ అస్థానదృశ్యము బయట పెట్టినది. అది భయమును పోగొట్టలేదు. భయపడుటకు తగిన కారణమును చూపినది.

ఇట్టి పనియే మఱియొక ఘట్టము నిశ్శబ్దముగా చేయుచున్నది. గంగ బయటికి పోవుదుననును. భర్త వలదనును. ప్రతి గృహమునను నిత్యము వినవచ్చు మాటలివి. దయ్యముల కథలో వీనికి తావే లేదనిపించును. ఆ "వలదు" అన్న మాటతోనే ఆమె కన్నులు మాఱును, కంఠము మాఱును, మంచము చేతితో లేచును. నూఱేండ్ల నాటి రాజు "నిన్ను పోనీయను" అన్న మాటయు, నేటి భర్త చికిత్స కొఱకు మంచి మనసుతోనే అన్న మాటయు ఆమె చెవికి ఒక్కటిగా వినబడినవి. మా పాఠకులలో గృహిణులు ఈ ఘట్టమును పురుషులకంటె త్వరగా గ్రహింతురని మా విశ్వాసము.

ఈ విచారము కేవలము రసచర్చ కాదని మేము ఏల అనుచున్నామో చెప్పవలసియున్నది. శ్రీకాకుళము, విజయనగరము మండలముల పల్లెలలోను, మన్యప్రాంతములలోను చిల్లంగి భయము నేటికిని పోలేదు. చిల్లంగి పెట్టినాడను అనుమానముతో ముసలివారిని, దిక్కులేనివారిని హింసించుటయు, ప్రాణములు తీయుటయు పత్రికలలో చదువుచునే యున్నాము. ఇట్టిచోట భయానకచిత్రము వట్టి కాలక్షేపము కాదు. భయమును ఎచ్చటికి త్రిప్పుచున్నదో చూడవలెను. ఈ విషయమున మన గురజాడ అప్పారావుగారు మనకు దారి చూపిరి. 1892లో ఈ విజయనగరముననే తొలుత ప్రదర్శింపబడి, 1909లో నూతనరూపమును పొందిన 'కన్యాశుల్కము'న, మాయ పెండ్లికూతురు కనబడకుండ పోగా, పూజారి గవరయ్య యింటికి వచ్చి దయ్యములను సీసాలో బిగించితినని బెదరించును. అది ఆ నాటకమున కథకు ప్రక్కనున్న ఘట్టమువలె తోచును. కాని భయపడువాడెవడో, ఆ భయమును అమ్ముకొనువాడెవడో ప్రక్క ప్రక్కన నిలిపి చూపుటచే, ప్రేక్షకుడు నవ్వుచునే తన యింటి సీసాలను తలంచుకొనును. అచ్చట భయము నడుమ నవ్వు వచ్చినది. వచ్చి, భయము గుట్టును రట్టు చేసినది. భార్యను అనుమానించి నవ్వించు హాస్యమునకును దీనికిని ఎంత దూరము!

'చంద్రముఖి'లో ఈ విషయమున కొంత తొట్రుపాటు లేకపోలేదు. వ్యాధి యని వైద్యునిచేత చెప్పించి, చికిత్సకు మాత్రము మంత్రవాదిని ముగ్గులతో హోమములతో దింపుటచే, చూచినవారు వైద్యుని మాట మఱచి మంత్రవాదినే గుర్తుంచుకొను ప్రమాదము కలదు. రోగి నమ్మకమును అనుసరించి ఆడిన నాటకమే యది యని చిత్రము చెప్పునే గాని, గట్టిగా చెప్పదు. పాటలకు పోరాటములకు వెచ్చించిన కాలములో కొంత ఈ మాటకు వెచ్చించియుండిన బాగుండెడిది.

ఇంతకును మాకు దొరికిన గుర్తు ఇది. అస్థానదృశ్యమును మనసులోనే కోసివేసి చూడవలెను. అది పోయినపుడు కథలో ఏదియు తెలియకుండ పోకున్నచో, అది వెలుపలినుండి వచ్చినది. అభిమానుల కొఱకో, పద్దు కొఱకో వచ్చినది. అది భయమును చెఱచును. అది పోయినపుడు భయమునకు కారణమే మనకు తెలియకుండ పోయినచో, అది అస్థానమున నుండియు స్వస్థానముననే యున్నది. ద్వారపాలకుని పరిహాసమును, గవరయ్య సీసాయును, నర్తకి నాట్యమును ఈ పరీక్షకు నిలిచినవి. గాలిపటములు నిలువలేదు.

ఆ రాత్రి సెలవు పుచ్చుకొనునపుడు మిత్రుని కుమారుడు నవ్వుచు, "నాయనమ్మా, నీకు దయ్యమన్న భయము లేదా?" అని యడిగెను. "దయ్యము సరే నాయనా, దానిని కాల్చినవాడో?" అని ఆమె యనిరి. దయ్యముల చిత్రము తీయదలచిన వారందఱును ఆ ప్రశ్నను ప్రేక్షకుని మనసులో నిలిపి పంపిన చాలును. అందులకు నడుమ ఒక పాట కావలసివచ్చినచో పాడించుడు. మేము అడ్డము చెప్పము.