విశాఖ నిజరూపం

విశాఖా, నిన్ను మేం మొదట చీకట్లో చూశాం. టికెట్టు కొనుక్కుని, పక్కపక్క కుర్చీల్లో కూచుని చూశాం. నాయిక పమిట ఎగిరినప్పుడల్లా ఆమె వెనక ఎగిసిన కెరటానివి నువ్వే. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ తీశాక, తెలుగు తెర మీద ప్రేమకి నీ ఊరే సొంతూరైంది. సినిమా నీ ముఖానికి రంగు పూసి, బొట్టు దిద్ది మాకు చూపించింది. రంగు కడిగిన ముఖం చూద్దామని ఇద్దరం వచ్చాం. కనికరించు.

మాది ఫిల్మ్‌నగర్. కొండలకి కొదవ లేదు. జూబ్లీహిల్స్ బండరాళ్ళు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివంటారు. వాటి నెత్తిన మేడలు లేచాయి, వాటి సందుల్లో మా బస్తీలు లేచాయి. మద్రాసు నుంచి పరిశ్రమ తరలివచ్చినప్పుడు తారలొచ్చారు, స్టూడియోలొచ్చాయి, సామాను మోసే మేమూ వచ్చాం. సముద్రం మాత్రం రాలేదు. అందుకే కెరటం కావలసినప్పుడల్లా మా కొండ నీ గుమ్మం తొక్కుతుంది. మా దగ్గరున్న రామానాయుడు స్టూడియోకి తోబుట్టువు ఒకటి నీ భీమిలి దారిలో, కొండెక్కి కడలిని చూస్తూ కూచుంది.

మా ఆయన లైట్‌మన్. అవుట్‌డోర్‌కని నీ దగ్గరికి ఎన్నోసార్లు వచ్చాడు. వైజాగ్ ఎలా ఉంటుందయ్యా అంటే, ‘పొద్దున్నే ఎండ నీళ్ళ మీంచి వస్తుంది, సాయంత్రం కొండల వెనక్కి గబుక్కున పోతుంది’ అనేవాడు. అంతకుమించి తెలీదు పాపం. రిఫ్లెక్టర్ పట్టినవాడి చూపు వెలుగు పడే ముఖం మీదే ఉండాలి. సముద్రం ఎదురుగా ఉన్నా చూడకూడదు. ఈసారి నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి నీ ఒడ్డున ఒట్టిచేతులతో దిగాడు. ఆ ఒట్టిచేతుల్ని చూసి నవ్వావు చూడు, ఆ నవ్వుకి దణ్ణం.

సముద్రంలోకి ముక్కు చాచిన యారాడ కొండకి దణ్ణం. డాల్ఫిన్ నోస్ అని పాటల్లో నిన్ను దూరం నుంచి చూపించారు గానీ, నీ చాటున జరిగే పని చూపించలేదు. 1933లో రేవు తెరిచిన నాటి నుంచి నీ అండనే ఓడలు లోపలికి వస్తున్నాయి, ఖనిజం నింపుకుని పోతున్నాయి. రేవును కాస్తూ మూడు గుట్టలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడు. చేపల రేవులో బుట్టల ముందు కూచుని ‘ఏటమ్మా, ఏటి కావాలి’ అని అడిగిన తల్లి గొంతుకి ఇంకో దణ్ణం. ఏ డబ్బింగ్ థియేటరూ ఆ యాసను పట్టలేదు.

ఇసుకలో ఒదిగిన కుర్సురాకి దణ్ణం. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా కొలువు చేసి, ఇప్పుడు బీచిలో మ్యూజియంగా సేదదీరుతున్న జలాంతర్గామి. తొంభై ఒక్క మీటర్ల ఇనుప పొట్టలో, టార్పెడోల పక్కనే పడుకునే ఇరుకు పడకలు. మా ఆయన వాటి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ‘వీళ్ళూ మా కులమే. పని కనిపిస్తుంది, మనిషి కనపడడు’ అన్నాడు.

సింహాద్రి అప్పన్నా, నీ ముందు మాత్రం మాట రాలేదు. ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉంటావు. అక్షయ తృతీయ ఒక్కనాడే నిజరూపం చూపిస్తావు. మేం వచ్చింది ఆ రోజు కాదు. అయినా నీ చందనపు ముద్దలోనే ఒక సంగతి తెలిసింది: అలంకారం అబద్ధం కాదు, లోపలి వేడిని చల్లార్చే పూత. దాంతో నాకు సినిమా మీద ఉన్న కోపం కూడా అక్కడే చల్లారింది. లైట్ల స్టాండ్లు మోసి కాయలు కాచిన చేతులు నీ గుడిలోని కప్పస్తంభాన్ని కావలించుకుంటుంటే, ఆ కాయల మీద సంపెంగల వాసన.

ఇక కొండల మీదికి. కిరండోల్ రైలుకి, అది దూసుకుపోయే 58 సొరంగాలకి దణ్ణం. చీకటి రాగానే పిల్లలు కేకలేస్తారు, వెలుగు రాగానే లోయ తెరుచుకుంటుంది. బొర్రా గుహల్లో సున్నపురాయిని బొట్టుబొట్టుగా చెక్కిన నీటికి దణ్ణం. అక్కడ వేసిన రంగు దీపాలు మా ఆయనకి నచ్చలేదు. ‘ఇన్నెందుకు? పక్కనుంచి ఒక్కటి చాలు, రాయి తానే మాట్లాడుతుంది’ అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పనితనం నాకు అర్థమైంది ఆ గుహలోనే.

అరకులో సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియపు తీగలు. వెదురు బొంగులో ఉడికిన కోడి. నడుములు చుట్టి పట్టుకుని అక్కచెల్లెళ్ళు ఆడే థింసా. అక్కడ ముందు వరస, వెనక వరస లేవు. గుంపంతా నాయికలే.

కానీ విశాఖా, నీ అసలు దారి చూపించింది గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా చీకట్లో నడిచి, మైదానాన పొలాలు తడిపి, భీమిలి దగ్గర పట్టపగటి వెలుగులో సముద్రాన్ని కలుస్తుంది. ప్రేమకథల కోసం కెమెరాలు నిలిపిన తీరం అదే. తెర మీద ఆ కలయిక చివరి మజిలీనే చూశాం. గుహలోని నడక చూశాక, భీమిలి ఒడ్డున నీళ్ళలో దిగితే, ఆ నది దారి మా కాపురం లాగే అనిపించింది.

ఇక ఫలశ్రుతి. ఈ స్తుతి విన్న లైట్‌మన్లకు, మేకప్ అసిస్టెంట్లకు, కాస్ట్యూమ్స్ కుట్టే దర్జీలకు, యూనిట్ బండ్ల డ్రైవర్లకు, జూనియర్ ఆర్టిస్టులకు, జంటగా సెలవు దొరుకుగాక. ఆ రోజుల్లో ప్రొడక్షన్ నుంచి ఫోను రాకుండుగాక. ఒకరి ముఖాన పడిన ఎండను ఒకరు తీరిగ్గా చూసుకుందురుగాక. కొండెక్కే ఓపిక, కెరటంలో దిగే ధైర్యం, తిరుగు టికెట్టుకు సరిపడా బేటా, ఈ మూడూ వాళ్ళకి సమకూరుగాక.