‘ఆదిత్య 369’ పాత్రలు - మనస్తత్త్వ వర్గములు

తిరువూరులో ఒక మిత్రుని యింట మొన్న మేము నలుగురము కూడి, సింగీతము శ్రీనివాసరావుగారు దర్శకత్వము వహించిన ‘ఆదిత్య 369’ చిత్రమును మఱల చూచితిమి. ఇది 1991వ సంవత్సరమున వెలువడినది. కాలయంత్రముపై నెక్కి 1526వ సంవత్సరమునకును, 2504వ సంవత్సరమునకును పయనించిన వారి కథ. చిత్రము ముగియగానే ఆ యింటి చిన్నది, కళాశాలలో చదువుకొనుచున్నది, “యంత్రమును నిర్మించిన రామదాసు అంతర్ముఖుడు; కృష్ణకుమారు బహిర్ముఖుడు” అని రెండు మాటలలో తీర్పు చెప్పెను. ఆ మాట తప్పు గాదు. కాని విమర్శ అంతటితో ముగియవలసినదేనా యని మాకు సందేహము కలిగినది.

మనుష్యులను స్వభావమునుబట్టి తరగతులుగా విభజించుట మనకు క్రొత్త గాదు. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాయకులను నాలుగు విధములుగా చెప్పిన లక్షణకర్తల మార్గముననే ఓరుగంటి విద్యానాథుడును ప్రతాపరుద్రీయమున నడచెను. పాశ్చాత్యులలో యూంగు పండితుడు 1921లో ప్రకటించిన గ్రంథమున అంతర్ముఖ, బహిర్ముఖ భేదమును, ఆలోచన, అనుభూతి, ఇంద్రియజ్ఞానము, అంతఃస్ఫూర్తి యను నాలుగు వ్యాపారములను నిరూపించెను. పిమ్మట అమెరికాలో బ్రిగ్సు అను నామెయు, ఆమె కుమార్తె మైయర్సును దానిని విస్తరించి పదునాఱు వర్గములుగా చేసిరి. నేడు ఉద్యోగశాలలలో సైతము ఈ ప్రశ్నపత్రములు వాడుకలో నున్నవి.

ఈ కొలకఱ్ఱతో చిత్రములోని యిరువురిని కొలిచి చూతము. రామదాసు ప్రయోగశాలయే లోకముగా గలవాడు; కంటికి కానరానిదానిని ఊహించి, దీర్ఘకాలము పట్టు విడువక సాధించువాడు. అతని కెదురు నిలిచిన రాజావర్మయో, వెలుపలికి పెద్దమనిషి. లోలోపల పురాతనవస్తువులపై తీఱని వ్యామోహము గలవాడు. రాయలనాటి వజ్రమునకై గుట్టుగా పన్నాగము పన్నువాడు. ఏకాగ్రత, రహస్యము, దూరపుటాలోచన, ఒకే వస్తువుపై మనసు నిలుపుట - ఇవి యిరువురికిని సమానమే. ప్రశ్నపత్ర మిచ్చినచో ఇరువురును ఒకే గదిలో పడుదురేమో! అయినను ఒకడు కాలమును తెలిసికొన గోరెను; మఱియొకడు కాలము మిగిల్చిన సొత్తును అపహరింప గోరెను. మనసు ఏ తీరున నడచునో వర్గము చెప్పగలదు. ఎక్కడికి నడచునో చెప్పజాలదు. పాత్రయొక్క గుణము ఆ రెండవదానియందే యున్నది.

ఇంకొక విశేషము. విజ్ఞానకథలలో ఊహయే నాయకుడు, మనుష్యుడు దానికి వాహనము. 1895లో వెల్సు వ్రాసిన కాలయంత్ర కథలో ప్రయాణికునకు పేరైనను లేదు. అట్టి పాత్రలు రెండు మూడు గుణములతో కూర్పబడినవి గనుక వర్గములలో చక్కగా ఇముడును. ‘ఆదిత్య 369’లో నందమూరి బాలకృష్ణగారే కృష్ణకుమారుగాను, కృష్ణదేవరాయలుగాను నటించిరి. రాయలను చూడగానే ధీరోదాత్తుడని చెప్పగలము. ఏలయన ఆ పాత్ర అట్లు చెక్కబడినది. మన యింటి బిడ్డలను అట్లెవరును చెక్కలేదు. అదే మనిషి సభలో మూగవాడై, స్నేహితుల నడుమ వాచాలుడగుట మన మెఱుగమా? ఒకే ప్రశ్నపత్రమును కొన్ని వారములకు మఱల వ్రాసిన పలువురకు వేఱొక వర్గము వచ్చుచున్నదని పరీక్షకులే చెప్పుచున్నారు.

ఇంతగా వ్రాయుటకు హేతువు కలదు. ఇరువదియేడు నక్షత్రములను దేవ, మనుష్య, రాక్షస గణములుగా పంచి, కన్య రాక్షసగణమున పుట్టినదని సంబంధములను త్రోసిపుచ్చు ఆచారమును మనము మూఢతయని ఖండించుచున్నాము. ఆ పంచాంగమును అటకపై పెట్టి, దాని చోట నాలుగక్షరముల క్రొత్త జాతకమును నిలిపినచో మనము సంస్కరించిన దేమున్నది? “వీడు అంతర్ముఖుడు, సభలో మాటలాడలేడు” అని పసివానియెదుట తల్లిదండ్రులు పలికిన మాట, గణముకంటె గట్టి సంకెల కాగలదు.

కావున వర్గములను బొత్తిగా విడువుడని మేము చెప్పము. తన్ను తాను పరికించుకొనుటకు అవి అద్దమువలె ఉపకరించును. ఇతరులపై వేయు ముద్రగా మాత్రము వానిని వాడరాదు. ఆనాడు ఆ చిన్నదానితో మేమిట్లే చెప్పితిమి. ఆమె నవ్వి, “అయినచో రామదాసును గూర్చి మఱల ఆలోచించెదను” అనెను. విమర్శకు అంతకంటె మంచి ఫలమును మేము కోరము.